రెండింతల కరెంటు, నాలుగింతల వేడి



చలికాలం పొద్దున. బకెట్ నిండా నీళ్ళు పట్టి, హీటరు రాడ్డు పెట్టి, స్విచ్చు వేస్తాం. ఇరవై నిమిషాలయ్యేసరికి నీళ్ళు స్నానానికి సిద్ధం. ఎన్నో ఇళ్ళలో రోజూ జరిగే పని ఇది. దీని మీద ఒక ప్రశ్న అడుగుతాను, వినండి.

గోడకున్న ప్లగ్గు నుంచి రాడ్డు దాకా ఒక వైరు వస్తుంది. ఆ వైరులో ఎంత కరెంటు పోతుందో రాడ్డులోనూ సరిగ్గా అంతే కరెంటు పోతుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. రాడ్డేమో బకెట్ నీళ్ళను వేడి చేస్తోంది. వైరు మాత్రం దాదాపు చల్లగానే ఉంది. రెండింట్లో ఒకటే కరెంటు. మరి వేడిలో ఇంత తేడా ఎందుకు?

దీనికి జవాబు హైస్కూలు పుస్తకంలోనే ఉంది. కాకపోతే ఒకచోట లేదు. సగం ఉష్ణం పాఠంలో ఉంది, సగం విద్యుత్తు పాఠంలో ఉంది. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య నెలలు గడుస్తాయి. రెండోది మొదలయ్యేసరికి మొదటిది పిల్లల మనసులోంచి జారిపోతుంది. అందుకే ఇవాళ ఆ రెండు పాఠాలనూ కలిపి చెబుతాను. పిల్లలూ వినండి. బడి ఎప్పుడో వదిలేసిన పెద్దలూ వినండి. బోరు మోటారు నడిపే రైతులు మరీ శ్రద్ధగా వినండి. చివర్లో మీతో ప్రత్యేకంగా మాట్లాడాలి.

ముందు వేడి సంగతి.

వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. రోజువారీ మాటల్లో రెంటినీ కలిపేస్తాం. అక్కడే చిక్కు మొదలవుతుంది. దీపావళికి కాకరపువ్వొత్తి వెలిగిస్తాం కదా. రవ్వలు జివ్వుమని ఎగురుతాయి. ఒక్కో రవ్వ ఒక కాలుతున్న లోహపు రజను. దాని ఉష్ణోగ్రత 1000 డిగ్రీల పైమాటే. అది చేతిమీద పడితే చురుక్కుమంటుంది, అంతే. ఇప్పుడు పొయ్యి మీంచి దించిన చారు ఒక గరిటెడు అనుకోండి. దాని ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు మించదు. అది చేతిమీద ఒలికితే బొబ్బలెక్కుతుంది. 1000 డిగ్రీల రవ్వ చురుక్కుమనిపించి వదిలేసింది. 100 డిగ్రీల చారు చేతిని కాల్చేసింది.

ఎందుకని? రవ్వ చాలా చిన్నది. దానిలో మన చేతికి ఇవ్వగలిగిన శక్తి బహు కొద్ది. గరిటెడు చారులో ఆ శక్తి ఎన్నో రెట్లు. ఉష్ణోగ్రత అంటే ఒక వస్తువు ఎంత వేడిగా ఉందో చెప్పే కొలత. ఉష్ణం అంటే వేడి వస్తువు నుంచి చల్లని వస్తువులోకి వెళ్ళే శక్తి. ఒకటి స్థాయి, ఇంకోటి పరిమాణం. థర్మామీటరు మనకు మొదటిదే చెబుతుంది, రెండోది చెప్పదు. అలాగని పిల్లల్ని రవ్వల్లో చెయ్యి పెట్టనివ్వకండి. రవ్వలు కొద్దిగా కాలుస్తాయి, ఆరిపోయిన కాకరపువ్వొత్తి పుల్ల గట్టిగా కాలుస్తుంది. పుల్లలో లోహం ఎక్కువ, దాచుకున్న వేడీ ఎక్కువ.

అన్ని పదార్థాలూ వేడిని ఒకే తీరున తీసుకోవు. ఒక గ్రాము నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కెలోరీ ఉష్ణం కావాలి. ఒక గ్రాము ఇనుముకు అందులో తొమ్మిదో వంతు చాలు. మనకు మామూలుగా దొరికే వాటిలో నీళ్ళంత నిదానంగా వేడెక్కేవీ, నీళ్ళంత నిదానంగా చల్లబడేవీ చాలా తక్కువ. విశాఖపట్నం ఒడ్డున ఉన్నవాళ్ళకు ఇది ఒంటికి తెలుసు. మే నెల ఎండ సముద్రం మీదా పడుతుంది, పల్నాడులో రెంటచింతల నేల మీదా పడుతుంది. నేల మధ్యాహ్నానికే మాడిపోతుంది. సముద్రం ఆ ఎండనంతా తీసుకుని కూడా పెద్దగా వేడెక్కదు. అందుకే మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి చల్లగాలి విశాఖకు వస్తుంది. రెంటచింతలకు ఆ భాగ్యం లేదు.

వేడి గురించి ఇంకొక్క మాట చెప్పి కరెంటు దగ్గరికి వెళ్తాను. నీళ్ళు మరుగుతున్నప్పుడు మంట ఎంత పెంచినా, మూత లేని గిన్నెలో వాటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మంట ఇచ్చే ఉష్ణమంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మంచు కరుగుతున్నప్పుడూ అంతే, కరగడం పూర్తయ్యేదాకా సున్నా డిగ్రీలే. థర్మామీటరులో కనిపించకుండా ఇలా లోపలికి వెళ్ళే ఉష్ణాన్ని గుప్తోష్ణం అంటారు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్‌లో జోసెఫ్ బ్లాక్ అనే ఆచార్యుడు దీన్ని కొలిచి చూపించాడు. మరిగే నీళ్ళు, కరిగే మంచు. ఈ రెండూ ఎంతసేపైనా ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలబడతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు కరెంటు.

సైకిలు తొక్కేటప్పుడు గొలుసును చూడండి. పెడలు మీద కాలు వెయ్యగానే వెనక చక్రం కదులుతుంది. ముందున్న గొలుసు లింకు ప్రయాణం చేసి వెనక్కి చేరేదాకా చక్రం ఆగదు. గొలుసు ముందే చుట్టూ ఉంది కాబట్టి అంతా ఒక్కసారిగా కదులుతుంది. రాగి తీగలో ఎలక్ట్రానులనే అతి చిన్న కణాలూ అంతే. తీగ నిండా అవి ముందే ఉన్నాయి. స్విచ్చు వెయ్యగానే అన్నీ ఒక్కసారే కదలడం మొదలుపెడతాయి. ఒక్కో ఎలక్ట్రాను ముందుకు జరిగే వేగం చాలా తక్కువ, సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. మన ఇంటి కరెంటులోనైతే అవి ముందుకు పోవు కూడా. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. అయినా బల్బు వెంటనే వెలుగుతుంది.

గొలుసు గురించి ఇంకో సంగతి. ఎంత తొక్కినా గొలుసు లింకులు తగ్గవు. అన్ని లింకులూ తిరిగి వస్తాయి. ఖర్చయ్యేది తొక్కేవాడి శక్తి. కరెంటూ అంతే. బల్బు కరెంటును తినేస్తుందని చాలామంది అనుకుంటారు. ఒక తీగలో బల్బులోకి ఎంత కరెంటు వెళ్తుందో, రెండో తీగలో అంతే తిరిగి వస్తుంది. బల్బు తీసుకునేది శక్తిని. మీటరు లెక్కపెట్టేదీ శక్తినే. 1000 వాట్ల హీటరు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. శాస్త్రం భాషలో 36 లక్షల జౌళ్ళు.

ఎలక్ట్రానులను తోసేది ఓల్టేజీ. మన ఇళ్ళలో 230 ఓల్టులు. వాటిని అడ్డుకునేది తీగ, ఆ అడ్డు పేరు నిరోధం. ఆ తోపుకూ, ఆ అడ్డుకూ మధ్య ఎంత కరెంటు పోతుందో తేల్చి చెప్పింది ఒక బడి మాస్టారు. పేరు జార్జ్ సైమన్ ఓమ్. తాళాలు చేసే జర్మన్ కుటుంబంలో పుట్టాడు. కొలోన్ నగరంలో లెక్కలు, భౌతికశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. ఆయనకు ఒక పెద్ద ఇబ్బంది వచ్చింది. ఆ రోజుల్లో బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. తీగ మార్చి కొలిచేలోపు బ్యాటరీ బలమే మారిపోయేది. కొలత తీగ వల్ల మారిందా, బ్యాటరీ వల్ల మారిందా ఎలా తెలుస్తుంది?

అప్పుడాయన బ్యాటరీ పక్కన పెట్టేశాడు. రెండు వేర్వేరు లోహాలను రెండు చివర్లా కలిపి, ఒక చివరను వేడిగా, ఒక చివరను చల్లగా ఉంచితే వాటిలో చిన్న కరెంటు పుడుతుందని అప్పటికి కొద్ది ఏళ్ళ క్రితమే తెలిసింది. ఓమ్ మాస్టారు ఒక చివరను మరిగే నీళ్ళలో ఉంచాడు, రెండోదాన్ని మంచులో ఉంచాడు. ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా. మరిగే నీళ్ళు 100 దగ్గర, కరిగే మంచు సున్నా దగ్గర, ఎంతసేపైనా కదలకుండా నిలబడతాయి. అవి కదలవు కాబట్టి ఓల్టేజీ కూడా కదలదు. విద్యుత్తు పాఠంలోని మొదటి నియమం పుట్టింది ఉష్ణం పాఠం సాయంతో. నాకు ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. ఏ తరగతిలో ఓమ్ నియమం చెప్పినా ఈ మంచూ, ఈ మరిగే నీళ్ళూ కూడా చెప్పాలి.

1827లో ఆయన పుస్తకం అచ్చయింది. ఓల్టేజీ రెట్టింపైతే కరెంటు రెట్టింపవుతుంది, నిరోధం రెట్టింపైతే కరెంటు సగమవుతుంది. ఇంత సులువైన నియమాన్ని సొంత దేశంలో చాలాకాలం పట్టించుకోలేదు. మాస్టారు కొలోన్ ఉద్యోగం వదిలేసుకున్నాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చాక గాని ఆయన పేరు నిలబడలేదు.

ఇక మన ప్రశ్నకు జవాబు చెప్పినాయన దగ్గరికి వద్దాం. జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. 1818లో ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. వాళ్ళది బీరు తయారుచేసే కుటుంబం. చిన్నప్పుడు ఆయనకు పాఠాలు చెప్పింది పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్. కార్ఖానాలో ఆవిరి యంత్రం బదులు విద్యుత్ మోటారు పెడితే కలిసొస్తుందా అని ఈ కుర్రాడు లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. బ్యాటరీలో కరిగే జింకు కన్నా బొగ్గే చౌక అని తేలింది. మోటారు ఆశ పోయింది. లెక్క మాత్రం వదల్లేదు. కరెంటు పోయేటప్పుడు తీగ వేడెక్కుతోంది. ఎంత వేడెక్కుతోంది? దేన్నిబట్టి?

గాజు గొట్టానికి తీగ చుట్టి, నీళ్ళలో ముంచి, కరెంటు పంపి, థర్మామీటరుతో నీళ్ళ ఉష్ణోగ్రత చూశాడు. అదే మన బకెట్, అదే మన రాడ్డు. 1840లో, ఇరవై రెండేళ్ళు నిండకముందే, జవాబు రాసి రాయల్ సొసైటీకి పంపాడు. తీగలో పుట్టే వేడి ఆ తీగ నిరోధాన్నిబట్టి ఉంటుంది. అంతకుమించి, కరెంటు వర్గాన్నిబట్టి ఉంటుంది. వర్గం అంటే కరెంటును కరెంటుతోనే గుణించడం. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. మళ్ళీ చెబుతున్నాను. రెండింతల కరెంటు, నాలుగింతల వేడి. ఇవాళ్టి ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంటుందంటే అది ఇదే కావాలి.

ఇప్పుడు రాడ్డు, వైరు. రెండింట్లో కరెంటు ఒకటే. నిరోధం ఒకటి కాదు. వైరు రాగిది, నిరోధం అతి తక్కువ. రాడ్డు గొట్టం లోపల ఉండే చుట్ట నికెలు, క్రోమియం కలిపిన నిక్రోం తీగ. దాని నిరోధం రాగితో పోలిస్తే ఎన్నో రెట్లు. కరెంటు ఒకటే అయినప్పుడు నిరోధం ఎక్కువున్న చోటే వేడి ఎక్కువ పుడుతుంది. అందుకే రాడ్డు కాలుతుంది, వైరు కాలదు.

ఇక్కడ తెలివైన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అడగాలి కూడా. పాత 60 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం సుమారు 880 ఓములు. 1000 వాట్ల హీటరు నిరోధం సుమారు 53 ఓములే. నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ అన్నారు కదా మాస్టారూ, మరి నిరోధం తక్కువున్న హీటరు ఎక్కువ వేడి ఎలా ఇస్తోంది?

జవాబు నెమ్మదిగా వినండి. బల్బూ హీటరూ ఒకే దారిలో వరసగా లేవు. ఇంట్లో ప్రతి పరికరం 230 ఓల్టులకు విడివిడిగా, సమాంతరంగా కలిసి ఉంటుంది. బల్బు కరెంటు బల్బుది, హీటరు కరెంటు హీటరుది. ఓల్టేజీ రెండింటికీ ఒకటే. నిరోధం తక్కువున్న హీటరు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు, దాని వర్గం. నిరోధం తగ్గినందువల్ల పోయేదానికన్నా వర్గం వల్ల వచ్చేదే ఎక్కువ. కాబట్టి పిల్లలూ, లెక్క మొదలుపెట్టే ముందు ఒకటే అడగండి. ఇక్కడ ఒకటిగా ఉన్నది కరెంటా, ఓల్టేజీనా? కరెంటు ఒకటైతే ఎక్కువ నిరోధం ఎక్కువ వేడి. ఓల్టేజీ ఒకటైతే తక్కువ నిరోధం ఎక్కువ వేడి. పరీక్షలో పోయే మార్కుల్లో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్లే పోతాయని నా అభిప్రాయం.

జౌల్ అక్కడితో ఆగలేదు. వేడి అనేది వస్తువుల్లోంచి కారి పారే ఒక పదార్థం అని అప్పటి పెద్దలు చాలామంది నమ్మేవారు. కాదు, అది శక్తికి ఇంకో రూపం అని జౌల్ వాదించాడు. బరువులు కిందికి దిగుతుంటే నీళ్ళలో రెక్కలు తిరిగేలా ఏర్పాటు చేసి, ఆ తిరుగుడుకే నీళ్ళు కొద్దిగా వేడెక్కడం కొలిచాడు. ఆయన పెళ్ళయిన కొత్తలో, 1847లో, ఆల్ప్స్ కొండల్లో పొడవాటి థర్మామీటరు చేత్తో పట్టుకుని కనిపించాడని విలియం థామ్సన్ అనే శాస్త్రవేత్త తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. జలపాతం పైన నీళ్ళకూ కింద నీళ్ళకూ తేడా ఎంతో చూడాలని జౌల్ తపన.

మనమూ ఆ లెక్క వేద్దాం. నీళ్ళు 100 మీటర్ల ఎత్తునుంచి పడి, ఆ శక్తంతా వేడిగా మారితే ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుంది? ఒక డిగ్రీలో పావువంతు కూడా కాదు. ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. మన బకెట్‌లో 20 లీటర్లు. వాటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవాలి. అర యూనిట్ కన్నా కాస్త తక్కువ కరెంటు ఖర్చవుతుంది. ఆ కరెంటు శ్రీశైలంలోనో నాగార్జునసాగర్‌లోనో నీళ్ళు పడి పుట్టింది అనుకోండి. ఎత్తు 100 మీటర్లు అనుకుందాం. దారిలో ఏ నష్టమూ లేదనుకుందాం. అయినా ఒక్క బకెట్ వేన్నీళ్ళ కోసం 85 బకెట్ల కృష్ణ నీళ్ళు ఆ ఎత్తు నుంచి దూకాలి. ఒక బకెట్‌కు 85 బకెట్లు. నీళ్ళను వేడి చెయ్యడం ఎంత బరువైన పనో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. పైకప్పు మీద సోలార్ హీటరు ఉన్న ఇంట్లో ఆ పని ఎండ చేసిపెడుతుంది. ఎండ ఇంతగా కాసే మన ప్రాంతంలో అది ఇంకా ఎక్కువ ఇళ్ళకు చేరాలి.

ఇంతదాకా వేడి ఎంత పుడుతుందో చెప్పాను. వైరు ఎంత ఉష్ణోగ్రతకు చేరుతుందో చెప్పలేదు. అది వేరే సంగతి. ఇందాకే అనుకున్నాం, వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. తీగలో వేడి పుడుతూ ఉంటుంది. పక్కనున్న గాలిలోకో, నీళ్ళలోకో పోతూ ఉంటుంది. పుట్టే వేడి, పోయే వేడి సమానమైన చోట ఉష్ణోగ్రత ఆగుతుంది. పోయే దారి లేకపోతే ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది.

అదే రాడ్డును నీళ్ళు లేకుండా స్విచ్చు వేస్తే ఏమవుతుంది? నిమిషాల్లో ఎర్రగా కాలి పాడైపోతుంది. పుట్టే వేడి పెరగలేదు. పోయే దారి పోయింది. గాలి నీళ్ళంత వేగంగా వేడిని తీసుకుపోలేదు. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టలోంచి విప్పకుండా, దానికి ఇస్త్రీ పెట్టె తగిలిస్తే చుట్ట లోపలి వైరు మెత్తబడి అంటుకుపోవడమూ ఇందుకే. లోపలి వరసల వేడి బయటికి రాలేదు. కాబట్టి ఎక్కువ కరెంటు లాగే వస్తువు పెట్టినప్పుడు చుట్ట మొత్తం విప్పండి.

ప్లగ్గు లూజుగా ఉన్నప్పుడు అక్కడ నల్లగా కాలిన గుర్తు చూసే ఉంటారు. లోహానికి లోహం సరిగ్గా ఆనలేదు. ఆ చిన్న జాగాలో నిరోధం పెరిగింది. గీజరు కరెంటంతా ఆ చిన్న జాగాలోంచే పోవాలి. ప్లగ్గు వేడెక్కుతోందంటే ప్లగ్గు మార్చాలి, లేదా బిగించాలి. మెయిన్ ఆపాకే.

ఫ్యూజు కూడా జౌల్ నియమమే. ఇంటి దారిలో కావాలని ఒక సన్నని తీగ పెడతాం. కరెంటు హద్దు దాటితే అన్నిటికన్నా ముందు అదే కరిగి తెగుతుంది. గోడ లోపలి వైరు బతుకుతుంది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని కొందరు అక్కడ లావుపాటి రాగి తీగ చుట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. అప్పుడు ఇంట్లో అన్నిటికన్నా ముందు కాలేది గోడలో, కంటికి కనిపించని చోట ఉన్న వైరు.

ఇంకో మాట, ఇది ప్రాణానికి సంబంధించింది. ఫ్యూజు వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడదు. 5 ఆంపియర్ల ఫ్యూజు తెగాలంటే 5 ఆంపియర్లు దాటాలి. మనిషి గుండె గతి తప్పడానికి ఆంపియరులో పదోవంతు చాలు. మనిషిని కాపాడేది సరైన ఎర్త్ వైరు. దానితోపాటు, ఒంట్లోంచి గాని, మరో దారిలో గాని నేలలోకి లీకయ్యే కొద్దిపాటి కరెంటును పసిగట్టి మెయిన్ ఆపేసే ఇ.ఎల్.సి.బి. లాంటి స్విచ్చు. నీళ్ళు వేడెక్కాయా లేదా అని రాడ్డు నడుస్తుండగా బకెట్‌లో వేలు పెట్టి చూసే అలవాటు ప్రాణాలు తీస్తోంది. స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, రాడ్డు బయట పెట్టి, అప్పుడు చెయ్యి పెట్టండి.

వర్గం అంటే నష్టమే అనుకోకండి. మనకు కలిసొచ్చే చోటూ ఉంది. రామగుండంలో పుట్టిన కరెంటు హైదరాబాదు చేరాలంటే సుమారు 200 కిలోమీటర్ల తీగ దాటాలి. దారి పొడవునా తీగ వేడెక్కుతుంది, ఆ వేడి వృథా. ఇంజనీర్లు ఏం చేశారు? ఓల్టేజీ 10 రెట్లు పెంచితే అంతే శక్తిని పదో వంతు కరెంటుతో పంపవచ్చు. కరెంటు పదో వంతైతే వేడి పదో వంతు కాదు, నూరో వంతు. అందుకే ఆ పెద్ద టవర్ల మీద 4 లక్షల ఓల్టులు. రోడ్డు మీద పోతూ ఆ తీగలు చూసినప్పుడు జౌల్ వర్గం గుర్తుకు తెచ్చుకోండి.

ఇక రైతులతో ఒక మాట.

లో ఓల్టేజీ వచ్చి మోటారు కాలిపోయిందని మీరంటారు. బడి పిల్లాడు పుస్తకం తెరిచి అడ్డం తగులుతాడు. ఓల్టేజీ తగ్గితే ఓమ్ నియమం ప్రకారం కరెంటు తగ్గాలి, వేడి తగ్గాలి, మరి మోటారు ఎలా కాలుతుంది? మీరన్నదే నిజం. మోటారు వట్టి నిరోధం కాదు. హీటరైతే లో ఓల్టేజీలో కరెంటు తక్కువ లాగి నెమ్మదిగా కాగుతుంది. మోటారుకు నీళ్ళు ఎత్తే పని ఉంది. ఓల్టేజీ పడిపోయినా ఆ బరువు తగ్గదు. అదే పనిని తక్కువ ఓల్టేజీతో చెయ్యాలంటే ఎక్కువ కరెంటు లాగాలి. పైగా, తగిన వేగంతో తిరుగుతున్నంతసేపే మోటారు కరెంటు అదుపులో ఉంటుంది. వేగం మందగించేకొద్దీ కరెంటు పెరుగుతుంది. కరెంటు అయిదో వంతు పెరిగితే చాలు, వైండింగులో వేడి దాదాపు సగం పెరుగుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడూ ఇంతే. మిగిలిన రెండు తీగలు మూడో దాని బరువు కూడా మోస్తాయి. వైండింగు తీగ మీద ఉండే సన్నని పొర ఆ వేడికి మాడిపోతుంది. చుట్టుకు చుట్టు తగులుతుంది. మోటారు పోయింది.

బోరులో దింపే సబ్‌మెర్సిబుల్ మోటారుకైతే చుట్టూ ఉన్న నీళ్ళే వేడిని తీసుకుపోతాయి. ఎండాకాలం నీటిమట్టం పడిపోతే ఆ వేడికి పోయే దారి ఉండదు. నీళ్ళు లేని బకెట్‌లో రాడ్డుకు ఏమవుతుందో అదే. కాబట్టి స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేను మీ మోటారుకు తగ్గట్టు సరిచూసి పెట్టించండి. అది మాటిమాటికీ ట్రిప్ అవుతోందని తీసి నేరుగా కలిపేయకండి. అది ఆగమంటున్నది వేడి పెరిగిందనే.

చివరిగా ఊరి ట్రాన్స్‌ఫార్మర్. ఆగి ఉన్న మోటారు బయలుదేరేటప్పుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. 6 రెట్ల కరెంటు, అంటే 36 రెట్ల వేడి. ఒక్క మోటారుకు అది కొన్ని సెకన్ల ముచ్చట. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటుంది. కానీ కరెంటు పోయి మళ్ళీ రాగానే దాని కింద ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే బయలుదేరితే? ఓల్టేజీ దిగజారుతుంది. ఓల్టేజీ లేక ఏ మోటారూ త్వరగా వేగం అందుకోదు. వేగం అందుకోనంతసేపూ ఆ భారీ కరెంటు అలాగే ఉంటుంది. సెకన్లలో తీరాల్సింది నిమిషాలకు సాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కొత్తది వచ్చేదాకా పైరు ఎండుతుంది. ఒక్కో మోటారుకు రెండేసి నిమిషాల ఎడం ఇచ్చుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. ముందు ఎవరు వెయ్యాలి, చివర ఎవరు వెయ్యాలి అన్నది ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు కూర్చుని తేల్చుకోవాలి.